ప్రార్థన పెట్టెలో మా డిమాండ్లు

రెండువేల అయిదు ప్రాంతంలో నేను వనపర్తిలో మిషన్ వాళ్లు నడిపే ప్రైవేటు కాలేజీలో డిగ్రీ చదివేదాన్ని. అక్కడ విద్యార్థి సంఘాల పేరెత్తితే సస్పెన్షనే. నేనేమో వాళ్లకు తెలియకుండా మా సంఘానికి కన్వీనర్ని!

ప్రతి శుక్రవారం అసెంబ్లీలో ప్రిన్సిపాల్ ఫాదర్ గారు ప్రార్థన పెట్టెలోని చీటీలు చదివేవారు. పేరు రాయనక్కర్లేదు. పెట్టెలో పడ్డది పూర్తిగా చదవాల్సిందే, మేమంతా "ప్రభువా, మా మొర ఆలకించు" అనాల్సిందే. ఇంకేం, మా డిమాండ్లనే ప్రార్థనగా రాసి వేశాను.

"ప్రభువా, ఆడపిల్లల బాత్రూముకు తలుపు పెట్టించే బుద్ధి మా యాజమాన్యానికి ప్రసాదించు" అని చదివారు ఫాదర్. నాలుగు వందల మంది మొర పెట్టుకున్నారు. "మా సంఘానికి అనుమతి ఇప్పించు" అన్నప్పుడైతే పైన రేకులు అదిరాయి. నేను నవ్వాపుకోలేక చస్తుంటే పక్కనున్న శ్రీలత గిల్లింది.

"ఏమే, గా చీటీ ఎనక నీ పేరున్నదే!"

తలెత్తి చూశాను. బస్టాండులో పంచగా మిగిలిన మా సంఘం కరపత్రం వెనకే రాశాను. కన్వీనర్‌గా నా పేరు పెద్దక్షరాల్లో అందరికీ కనిపిస్తోంది!

ఫాదర్ గారిది కొల్లాపూర్ వైపే. గదిలోకి పిలిచి చీటీ నా చేతిలో పెట్టారు.

"సంఘం మాత్రం నడ్వదు బిడ్డా. గానీ దేవునికి జెప్పేటప్పుడు పేరెందుకు దాస్తవ్? ఇంగోసారి రాసి ఎయ్యి."

ఆ మాట అందరికీ చెప్పాను. బాత్రూముకు తలుపొచ్చింది, సంఘం రాలేదు. కానీ తర్వాతి శుక్రవారం చీటీలు నిండిపోయి పెట్టె మూత పడలేదు, ప్రతి చీటీ మీదా పేరుంది. అది సంఘం కాకపోతే మరేమిటని ఇప్పటికీ నవ్వుకుంటాను.