నాయనమ్మ బొట్టు పెట్టిన కార్డులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కంచాలకంటే పిల్లలం ఎక్కువ. ఎనిమిది మందిమి. పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక పెద్ద ఫ్యాక్టరీ క్వార్టర్లలో, రెండంటే రెండు గదుల్లో మేమంతా, అమ్మ, నాయన, నాయనమ్మ. మా ఊరు సంగారెడ్డి అవతలి కొండాపూర్ వైపు. ఉన్న చెలకలో పండింది ఇంతమందికి చాలక నాయన ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాగా చేరాడు. కొన్నాళ్ళకు ఆ ఫ్యాక్టరీకి కంప్యూటర్ వచ్చింది. ఇప్పటిలాంటిది కాదు, ఒక గది నిండా బీరువాలు నిలబెట్టినట్టు ఉండేదట. దాని పని నేర్చుకోవడానికి ఎవరు పోతారని అడిగితే, అది వస్తే ఉద్యోగాలు పోతాయన్న భయంతో ఒక్కరూ చెయ్యెత్తలేదు. మా నాయన ఎత్తాడు. ఎందుకెత్తావయ్యా అని అమ్మ అడిగితే, ఆ గదిలో ఏసీ ఉంటుందని చెప్పాడట. మా నాయన జవాబులు ఎప్పుడూ అట్లాగే ఉండేవి.

అట్లా మా చుట్టుపక్కల అందరికంటే ముందు కంప్యూటర్ ముట్టినవాడు మా నాయనే. మాకు మాత్రం ఆయన పొద్దున్నే వరసగా కూచోబెట్టి మా తలలు దువ్వే మనిషి. ఆదివారం వస్తే గోళ్ళు తీసే మనిషి. అందరం తిన్నాక గిన్నె అడుగు గీకి తిని, కడుపు నిండిందని బ్రేవ్‌మని చూపించే మనిషి. ముందు స్నానం ఎవరిది, కిటికీ పక్కన ఎవరు పడుకోవాలి, పాల మీది మీగడ ఎవరికి, అన్నిటికీ మాలో కొట్లాటే. నాయన ఫ్యాక్టరీ నుంచి పనికిరాని అట్టలు తెచ్చి, వాటి మీద మా గుర్తులు వేసి, రోజూ వంతులు తిప్పేవాడు. ఆ అట్ట చెప్పిందంటే ఇక అమ్మ కూడా కాదనడానికి లేదు.

ఆ అట్టలనే కార్డులు అనేవాడు. ఆ కాలంలో కంప్యూటర్‌కు ఏం చెప్పాలన్నా పొడుగాటి అట్టల మీద చిల్లులు పొడిచి చెప్పాలి. ఒక్కో కార్డుకు ఒక్కో మాట. కట్ట మొత్తాన్ని మిషన్ వరసగా మింగితేనే పని జరుగుతుంది. వరస తప్పినా, ఒక్క కార్డు తడిసి ఉబ్బినా మిషన్‌కు పొలమారినట్టే. అందుకని నాయన కట్ట అంచు మీద ఏటవాలుగా పెన్సిల్ గీత ఒకటి గీసేవాడు. గీత ఎక్కడ విరిగితే అక్కడ కార్డు తప్పిందన్నమాట. చిల్లుల్లోంచి రాలిన ముక్కల్ని మాకు పొట్లం కట్టి తెచ్చేవాడు. మా బొమ్మల పెళ్ళిళ్ళకు అవే అక్షింతలు.

పక్కింటి మామ అదే ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. అక్కడ ఎవరికి ఏ షిఫ్టు పడాలన్నది సూపర్‌వైజర్ ఇష్టం. మామ అతనికి చుట్టం కాదు, ఇంటికి పోయి దండం పెట్టే రకమూ కాదు. అందుకని ఏడాది పొడుగునా అతనికి నైట్ డ్యూటీయే. వాళ్ళ పిల్లవాడు ఆడుకునే వేళ తండ్రి నిద్రలో ఉంటాడు, వాడు పడుకునే వేళ తండ్రి సైకిలెక్కుతాడు. వాడు పొద్దస్తమానం మా మందలోనే తిరిగేవాడు. ఒకనాడు మామ చూస్తుండగానే వాడు మా నాయన మెడ పట్టుకుని ‘నాయనా’ అన్నాడు. మామ ఎత్తుకోబోతే ఎవరో కొత్త మనిషిని చూసినట్టు ఏడుపు లంకించుకున్నాడు. మామ నవ్వబోయి, నవ్వు రాక, లోపలికి పోయాడు. మా నాయన ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ తర్వాతే ఆయన తలకు ఆ ఆలోచన ఎక్కింది. “మిషన్‌కు చుట్టాలుండరు. ఇంట్ల ఎనిమిది మందికి వంతులేసెటోన్ని, ఫ్యాక్టరీకి ఎయ్యలేనా?” అన్నాడు అమ్మతో. ఎవరికీ వరసగా నైట్లు పడకుండా, చిన్నపిల్లలున్నవాళ్ళకు నెలలో కొన్ని సాయంత్రాలైనా ఇంట్లో దొరికేటట్టు షిఫ్టులు పంచే ప్రోగ్రాం. ఎవరూ అడగని పని. తన పని అయిపోయాక, మిషన్ ఖాళీ ఉన్నప్పుడు, నెలల తరబడి కూచుని రాసి, చిల్లులు పొడిచి, కట్ట తయారుచేశాడు. దసరా తెల్లారి హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు ఒక్కసారి నడిపి చూపిస్తే షిఫ్టుల పని మిషన్‌కు అప్పగిస్తామన్నారు, నడవకపోతే పాత పద్ధతే. పక్కింటి మామ ఆ మాట విన్నప్పటి నుంచి గోడ మీది నుంచి మా నాయనను రోజూ పలకరించేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. ఊరికే, “ఏం బావా” అనేవాడు.

పండుగ సెలవుల్లో ప్రతి కార్డునూ ఇంకోసారి చదువుకుందామని నాయన ఆ కట్టను పెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చాడు. ఇక్కడే మా నాయనమ్మ సంగతి చెప్పాలి. ఆయుధపూజ నాడు ఫ్యాక్టరీలో ప్రతి మిషన్‌కూ పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టేవాళ్ళు. కంప్యూటర్ గదిలోకి మాత్రం పసుపు కాదు కదా, చెప్పుల దుమ్ము కూడా రానిచ్చేవాళ్ళు కాదు. అది విన్న రోజు నుంచి నాయనమ్మకు ఒకటే బాధ. అందరి పనిముట్లూ బొట్టు పెట్టించుకుంటుంటే తన కొడుకు పనిముట్టుకే ఆ భాగ్యం లేకపోయెనే అని. అందరికీ మంచి జరిగి తన కొడుకుకే ఏమన్నా అయితే ఎట్లా అని ఆమె భయం. ఆ భయాన్ని ఎవరు తీసేస్తారు?

దసరా పొద్దున నాయన వెంట నేను సంగారెడ్డి బజారుకు పోయాను, బంతిపూలకు. మేము తిరిగి వచ్చేసరికి అమ్మ వెనక పొయ్యి దగ్గర గారెలు కాలుస్తోంది. ముందు గదిలో చాప పరిచి, పీట వేసుకుని నాయనమ్మ కూచుని ఉంది. గిన్నెలో తడి పసుపు. ఎదురుగా పెట్టె మూత తీసి ఉంది. కార్డులన్నిటికీ, ఒక్కోదానికి, పసుపు చుక్క పెట్టి, దాని నడుమ కుంకుమ అద్ది, వరస తప్పకుండా మళ్ళీ పెట్టెలో పేర్చింది. పెట్టెకు పెడితే సరిపోయేది కదా అంటారేమో. మా నాయనమ్మ పనిలో అంత తేలిక ఎప్పుడూ లేదు.

“సూడు కొడుకా, ఒక్కటి ఇడువలే. అన్నిటికీ పెట్టిన,” అంది.

మా నాయన చేతిలో పూలబుట్ట అట్లాగే ఉంది. నేనంతవరకు ఆయన గట్టిగా అరవగా వినలేదు, ఆ పూట అరుస్తాడనే అనుకున్నాను. బుట్ట కింద పెట్టాడు. పెట్టె ముందు మోకాళ్ళ మీద కూచుని రెండు చేతులూ జోడించాడు. “మంచిగ పెట్టినవవ్వా,” అన్నాడు.

మళ్ళీ పొడుద్దామంటే చిల్లులు పొడిచే గది పండుగకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్న ఆఫీసరు తన ఊరికి పోయాడు. ముందే రెండో కట్ట కొట్టి పెట్టుకుందామన్నా ఆయనకు ఖాళీ కార్డులు ఇచ్చిందే తక్కువ. నాయన మమ్మల్నందరినీ మిద్దె మీదికి పిలిచి, “నాయనమ్మకు చెప్పొద్దు. తెలిస్తే ఇగ ఆమె దేనికీ బొట్టు పెట్టదు,” అన్నాడు. అంతే. పెద్దక్కకు ఇస్త్రీపెట్టె, మిగతావాళ్ళకు తలా ఒక చిన్న కట్ట. ఎండలో కార్డులు పరిచి, అంచుల మీద గులకరాళ్ళు పెట్టి, ఆరినవాటిని బ్లేడుతో గీకి, అక్కకు ఇచ్చి, ఆ పెన్సిల్ గీత చూసుకుంటూ మళ్ళీ వరసపెట్టడం. నాయనమ్మకు బొట్టు గట్టిపడాలంటే ఎండ తగలాలని చెప్పాము. పాపం నమ్మేసింది. కర్ర పట్టుకుని మిద్దె మెట్లెక్కి, కాకులు రాకుండా కాపలా కూచుంది. ఊరంతా జమ్మి పంచుకుంటుంటే మేము పసుపు గీకుతూ ఉన్నాము. చుక్క ఉన్నచోట ప్రతి కార్డూ అప్పడంలా ఉబ్బింది. ఆ ఉబ్బు ఇస్త్రీకి లొంగలేదు.

తెల్లారి నాయన తెల్లచొక్కా వేసుకుని పెట్టె పట్టుకుని పోయాడు. అక్కడ జరిగింది నేను చూడలేదు, తర్వాత పక్కింటి మామ అమ్మకు చెబుతుంటే విన్నాను. మిషన్ నాలుగైదు కార్డులు మింగి, గరగరమని ఆగిపోయిందట. చిరిగిన ముక్కలు లాగి మళ్ళీ పెట్టారట, మళ్ళీ ఆగిందట. వచ్చిన పెద్దవాళ్ళలో ఒకాయన ఒక కార్డు తీసి వాసన చూసి, “యే క్యా హై, పూజా కా సామాన్?” అన్నాడట. గది గదంతా నవ్విందట. మా అవ్వ చేసిందని ఒక్క మాట అంటే, ఇంకో రోజు అడిగితే, ఇచ్చేవాళ్ళో ఏమో. మా నాయన అనలేదు. తన అజాగ్రత్త అని చెప్పి తల దించుకున్నాడట. వాళ్ళు భోజనానికి లేచారు. షిఫ్టులు సూపర్‌వైజర్ దగ్గరే ఉండిపోయాయి.

నాయన ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ గడపలోనే ఉంది.

“నడిచిందా కొడుకా?”

“నడిచిందవ్వా. నీ చెయ్యి తాకినంక నడువకుంటదా?”

గోడకు అవతల పక్కింటి మామ సైకిల్‌కు గాలి కొట్టుకుంటున్నాడు. ఆ మాట అతనికీ వినబడింది. ఒక్కసారి మా నాయన వంక చూసి, పంపు గోడకు ఆనించి, డ్యూటీకి పోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అట్లాగే పోయాడు. ఆ పిల్లవాడు పెద్దవాడయ్యాక కూడా తండ్రిని నోరారా పిలిచింది లేదని పక్కింటి అత్త మా అమ్మ దగ్గర కన్నీళ్ళు పెట్టుకునేది. కొడుకు చెడ్డవాడు కాదు, అలవాటు కాలేదంతే. కొన్నాళ్ళకు ఆ మిషన్‌ను తీసుకుపోయారు, నాయనను మళ్ళీ స్టోర్స్‌కు పంపారు. ఆయన ఇంకో ప్రోగ్రాం రాయలేదు. నాయనమ్మ బతికున్నంత కాలం మాత్రం ప్రతి దసరాకూ ఎక్కడి నుంచో చిత్తు కార్డులు కొన్ని తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు. ఆమె వాటన్నిటికీ బొట్టు పెట్టేది. కొడుకు మిషన్ తన చేతి మీదే నడుస్తోందనుకుని పోయింది, తల్లి.

పోయిన ఎండాకాలం మా నాయన కూడా పోయాడు. ఫ్యాక్టరీ రిటైర్డు వాళ్ళ వాట్సాప్‌లో ఆయన ఫొటో పెట్టి, మన ఫ్యాక్టరీల బెల్టులో మొట్టమొదటి కంప్యూటర్ మనిషి అని రాశారు. కింద దండాల బొమ్మలు బోలెడు పడ్డాయి. ఆయన ఆ కంప్యూటర్‌తో ఏం చేయాలనుకున్నాడో రాసినవాళ్ళెవరికీ తెలియదు. నేనూ రాయలేదు. రాస్తే ఎవరికి ఉపయోగం?

నా కొడుకు కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. వాడి డ్యూటీలు ఇప్పుడు ఫోన్‌లో వస్తాయి. కంప్యూటరే వేస్తుందట, అందులో మనిషి చెయ్యి లేదట. వరసగా నైట్లే. సూపర్‌వైజర్ అయితే కాళ్ళావేళ్ళా పడొచ్చు, దీనికి ఎవరి కాళ్ళు పట్టుకోవాలో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. వాడి బిడ్డకు ఐదేళ్ళు. సాయంత్రం వాడు బండి తీస్తుంటే గేటు పట్టుకుని, డాడీ ఎప్పుడొస్తడు నానమ్మా, అనేది. ఇగొస్తడు బిడ్డా, నువ్వు అన్నం తినేలోపల వస్తడు, అనేదాన్ని. ఎదుటివాళ్ళ మనసు విరగకుండా అబద్ధం చెప్పడం ఒక్కటే మా నాయన నాకు నేర్పిపోయిన విద్య. ఇంతకాలం దాన్నే మంచితనం అనుకుంటూ వచ్చాను, ఇంట్లో అందరికీ దాన్నే వడ్డించాను. ఈమధ్య ఆ పిల్ల గేటు దగ్గరికి రావడం లేదు. నేను పిలిచి, ఇగొస్తడు బిడ్డా, అంటే, సరే నానమ్మా, అని నా చెయ్యి తట్టి లోపలికి పోతుంది.