ఒక అడుగు ముందు

ఇరవై రెండేళ్లు ఓర్చుకున్న మనిషి ఆ ఒక్క ఆదివారం ఎందుకు ఓర్చుకోలేకపోయింది? ఎంత ఆలోచించినా అంతుపట్టదు. ఊళ్లోని ఒక హోటల్ హాల్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం పూట ఆలుమగలిద్దరూ జాజ్ వాయించేవారు. ఆయన నిలబడి శాక్సొఫోన్ ఊదితే, ఆవిడ పక్కన కూర్చుని పియానో. పొట్టి వేళ్లు, ముక్కు చివరకు జారే కళ్లజోడు, చెప్పు విడిచి పెడల్ మీద ఆనించిన వట్టి పాదం. బాణీలు కట్టేది ఆవిడ. పాట మధ్యలో అప్పటికప్పుడు అల్లి ఊదుతాడని పేరు మాత్రం ఆయనది. ఆ అల్లికలన్నీ వారమంతా స్నానాలగదిలో వల్లెవేసినవేనని ఆవిడొక్కదానికే తెలుసు.

ఆ రోజు ఆవిడ కట్టిన కొత్త పాటను ఆయన, "నాకు కల్లో తట్టిందండీ," అని జనానికి చెప్పాడు. "మా ఆవిడంటారా? పాపం, వెనకాలే నడిచొస్తుంది!" జనం నవ్వారు. ఆవిడా నవ్వి కళ్లజోడు పైకి తోసుకుంది. పాట మొదలయ్యాక, ఆయన ఊదబోయే ప్రతి ముక్కనూ ఒక్క క్షణం ముందే తాను వాయించేసింది. ఆయన ఊదిందల్లా ఆవిడకు వంతపాటైపోయింది.

"అబ్బో, ఆవిడ చెప్తుంటే ఈయన అప్పజెప్తున్నాడే!" అన్నాడు ముందు వరసలోని పెద్దాయన. హాలు గొల్లుమంది.

"ఏంటే ఇది? ఆపు!" అన్నాడాయన శాక్సొఫోన్ నోట్లోంచి తీసి, పళ్లు బిగించి.

"ఇవాళ్టికి మీరే నడవండి, నా వెనకాల."

ఊదడానికి ఆయన దగ్గర ఇంకేమీ మిగల్లేదు. ఆవిడ తన పాటను ఒక్కతే చివరిదాకా వాయించి, పియానో మూత దించి, చప్పట్లు ఆగకముందే పక్కగుమ్మంలోంచి వెళ్లిపోయింది. వస్తానని మాటవరసకైనా అనలేదు.