ఎండుచేపల కొట్లో టేకు పలకలు

పిల్లిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏ పిల్లినైనా సరే. ఎందుకో చెబుతాను, నవ్వుకోండి, కానీ నా ఎదురుగా మాత్రం నవ్వకండి. నా వడ్రంగం పరువు ఒక్క పూటలో మట్టిపాలైన కథ ఇది.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే వాళ్ల ఊరు. వేట వదిలి రంపం పట్టిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. దానికి మా నాన్న రోజూ సాధించేవాడు. అలాంటప్పుడు చిల్లకూరులో రాజమ్మ గారనే ఆవిడ కొత్తింటికి దేవుడి మందిరం చేసిపెట్టమన్నారు. పై ఊరి నుంచి వచ్చిన మొదటి పని. బాగుంటే ఆ వీధిలో లేస్తున్న ఇళ్ల తలుపులన్నీ నావే. చెడితే మా నాన్న పడవ నాది.

మంచి టేకు పలకలు తెచ్చాను. తెచ్చిన రోజే ముసురు పట్టింది. నా రేకుల షెడ్డు జల్లెడలా కురవసాగింది.

"మంచం కింద పెట్టయ్యా. ఇల్లు కురవదు గదా" అంది నా భార్య సుశీల.

"వడ్రంగి నువ్వా, నేనా? చెక్కకి గాలాడాల. నీ మంచం కింద గాలి యాడుంది?"

ఆ రోజు నా నోరు ఎవరైనా కుట్టేసి ఉంటే ఎంత బాగుండేది. తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుతాను. అసలు మా ఊళ్లో తడి తగలని చోటేదని తెగ ఆలోచించాను. ఎండుచేపలు దాచే చోటే కదా. మా మేనత్త పోలమ్మకు ఎండుచేపల కొట్టుంది. ఎత్తు అరుగు, గోడలకు గాలి కంతలు, లోపల చెక్క అటకలు.

"అత్తా, నీ కొట్లో చెమ్మొస్తదా?"

"వస్తే చేపలు బూజు పట్టవంట్రా? చెయ్యి పెట్టి చూసుకో."

చూసుకున్నాను. చెయ్యి పెట్టిన పెద్దమనిషిని ముక్కు కూడా పెట్టి ఉండాల్సింది. పెట్టినా లాభం లేదు లెండి. పుట్టినప్పటి నుంచీ ఆ గాలే పీల్చిన ముక్కు అది.

ఎండు నెత్తళ్ల చేపల బుట్టలకు పైనున్న అటక మీద పలకలు పేర్చాను. వానలు వెలిశాక తీస్తే అప్పడాల్లా ఎండి ఉన్నాయి. గర్వంతో మందిరం చేసి, పాలీషు పట్టి, ఆటోలో చిల్లకూరు తీసుకెళ్లాను. కార్తీక మాసం. రాజమ్మ గారు మురిసిపోయి దేవుణ్ణి పెట్టి దీపం వెలిగించారు. ఆ వేడికి చెక్క మెల్లగా తన గుట్టు విప్పింది.

"ఏంది నాయనా, ఈ వాసన?"

"కొత్త పాలీషమ్మా."

"పాలీషు కాదు, నీచు. ఈ నెలంతా మా ఇంట్లో నీచు ముట్టం."

మందిరంలో తల దూర్చి పీల్చాను. టేకు, అగరుబత్తి, అంతే. నాకు కోపం నషాళానికంటింది. "పని నచ్చకపోతే నచ్చలేదని చెప్పండమ్మా. లేని వాసన అంటగట్టొద్దు" అని గొంతు పెంచాను.

అప్పుడు కిటికీలోంచి మొదటి పిల్లి దూకింది. దాని వెనకాల ఇంకోటి. తర్వాత గుమ్మంలోంచి ఒక తల్లి, దాని సంతానం. అన్నీ మందిరం ముందు బుద్ధిగా కూర్చున్నాయి. ఒకటి మాత్రం ఆగలేక పీఠం నాకసాగింది.

రాజమ్మ గారు వాటిని చూశారు, నన్ను చూశారు. "వీటిక్కూడా లేని వాసనే వచ్చిందా అబ్బయ్యా?" అన్నారు.

మందిరం అదే ఆటోలో తిరిగొచ్చింది. తిన్నగా అత్త మీదికి వెళ్లాను.

"నీ కొట్లో అంత వాసనుంటే చెప్పద్దా?"

అత్త మందిరాన్ని మూడు వైపులా వాసన చూసింది. "ఏం వాసనరా?" అంది. మా నాన్నా చూశాడు, సుశీలా చూసింది. ఎవరికీ ఏమీ రాలేదు. ఊరి ముక్కులన్నిటి మీదా నాకు మండిపోయింది.

రాజమ్మ గారి కాళ్లావేళ్లా పడి రెండో మందిరం చేశాను. దాని పలకలు ఎక్కడ ఆరాయో అడక్కండి. వాటి పైనున్న మంచం మీద పడుకుని సుశీల నవ్విన నవ్వు నేను మరిచిపోలేదు. ఇప్పుడు ఆ వీధి తలుపులన్నీ నావే. కానీ అక్కడ ఏ ఇంటావిడైనా కొలత చూడకముందే చెక్కను వాసన చూస్తుంది.

మొదటి మందిరం మా ఇంట్లోనే ఉంది. దీపం పెట్టే వేళకు ఊరి పిల్లులన్నీ తప్పకుండా వస్తాయి. వాటి ఎదుటే చేతులు జోడించి ప్రమాణం చేశాను: బతికున్నంత కాలం చెక్క ఎక్కడ పెట్టాలో సుశీలనే అడుగుతాను, వాసన మాత్రం చిల్లకూరు వాళ్ల చేత చూపిస్తాను.