రెండో వాన బావికి

ఈ ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున, నేనింకా చాయ్ తాగుతుండగానే, మా తమ్ముడి కొడుకు ఒక మేస్త్రీని వెంటబెట్టుకొచ్చి వాకిట్లో బావి చుట్టూ టేపు పట్టి కొలిపించాడు. రెండు ట్రాలీల రాళ్లూ మట్టీ పోసి పైన కాంక్రీటు వేస్తే కారు పెట్టుకునేందుకు జాగా అవుతుందట. ఎండిపోయి ఎన్నో ఏళ్లయిన బావిని ఎందుకు ఉంచాలని వాడి వాదన. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పు పట్టవలసింది నన్ను, ఎందుకంటే ఆ బావిని ఎండబెట్టినవాణ్ణి నేనే.

హైదరాబాదు పాతబస్తీ శాలిబండలో మా గల్లీ ఇళ్లను చూస్తే ఏ గోడా ఇంకో గోడకు సూటిగా ఉండదు. పాతకాలం వాళ్లకు కొలతలు తెలియక కాదు, ముందు రాతిలో నీళ్లు ఎక్కడ తగిలాయో చూసి, దాన్నిబట్టి గోడలు లేపారు కనుక. మాకూ పక్కనున్న లక్కగాజుల వాళ్లకూ దొరికింది ఒకే పగులు, ఒకే ఊట. అందుకని మా ముత్తాతలు ఇద్దరూ కలిసి ఒకే బావి తవ్వి, దాని నడినెత్తి మీదుగా చిన్న కమాను కట్టి, ఆ కమాను మీద ప్రహరీ లేపారు. సగం బావి మా వాకిట్లో, సగం వాళ్ల వాకిట్లో, గిలకలు రెండు, నీళ్లు మాత్రం ఒకటే. చేదలు లోపల ఒకదానికొకటి తగులుకుని చిక్కుపడితే అటువైపు వాళ్లను పిలవక తప్పేది కాదు, పిలిచాక ఏం వండారో అడగకుండా ఉండటమూ కుదిరేది కాదు.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, డాబా మీది వాననీళ్లు దిగే రేకు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పే వీలుండేది. మొదటి వాన గల్లీకి, రెండో వాన బావికి, ఇదీ మా రెండిళ్ల కట్టడి. మొదటి వానకు డాబా మీది పావురాల రెట్టలూ దుమ్మూ కొట్టుకుపోవాలి. ఒక ఇల్లు తొందరపడి గొట్టం తిప్పితే రెండిళ్లూ ఆ మురికే తాగాలి. అందుకని తొలివాన వెలిశాక మా నాయనమ్మ కమాను కింద తల వంచి "మీ డాబా కడిగిందా?" అని అడిగేది, పక్కింటి దాదీమా "ధుల్‌గయా, ఛోడ్‌దో" అనేది. కడిగింది, వదలమన్న ఆ మాట వచ్చాకే రెండు గొట్టాలూ బావి వైపు తిరిగేవి. ఆ ఇద్దరు ముసలమ్మలు ఎందులో ఏకీభవించినా లేకున్నా, ఈ ఒక్క మాట మాత్రం అడగకుండా ఏ ఏడూ గడవలేదు.

నాకు ఆఫీసులో ఉద్యోగం వచ్చిన ఏడే ఇంటికి నల్లా కనెక్షనూ వచ్చింది. ఇక బావి ఎందుకనుకున్నాను. నేల మీది పాత బండలు పీకించి వాకిలంతా సిమెంటు చేయించాను, రేకు గొట్టం తీయించి దాని జాగాలో ఇనుప గొట్టం పెట్టి, గల్లీ మురుగు మోరీలోకి తిప్పి కదలకుండా బిగించాను. ఎంత శుభ్రంగా ఉందో చూడమని నాయనమ్మను పిలిస్తే, ఆమె చూసి, "నీళ్లు ఇంట్ల ఉండనియ్ బిడ్డా, ఎందుకు ఎల్లగొడ్తున్నవ్" అన్నది. నేను నవ్వాను. చదువుకున్నవాడు చేశాడు కదా అని పక్కింటివాళ్లూ నన్ను చూసి అలాగే చేశారు. నా తెలివితక్కువతనం ప్రహరీ దాటిపోయింది.

బావి మూడో ఎండాకాలానికి ఎండింది. గల్లీలో బోర్లు కూడా పడ్డాయి, తప్పంతా నా ఒక్కడిదేనని చెప్పను, కానీ నా వంతు నాదే. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. నాయనమ్మ తన చివరి ఎండాకాలమంతా అలవాటు మానుకోలేక రోజూ పొద్దున చేద వదిలేది, అది అడుగున రాతికి ఖంగుమని తగిలేది, తిరిగి చేదుకునేది.   క్రమంగా కమాను కింద తలలు వంచేవాళ్లు లేకపోయారు. రెండువైపులా రేకులు అడ్డం పెట్టుకున్నాం. పక్కింట్లో పెళ్లి కుదిరిన సంగతి మాకు పత్రిక వచ్చాకే తెలిసింది.

అందుకే ఆ ఆదివారం మేస్త్రీని పంపించేసి, ఇల్లింకా ఉమ్మడిదే, నా సంతకం లేనిదే గంపెడు మట్టి కూడా పడదని మావాడికి చెప్పాను. వాడూ మొండివాడే. చివరికి ఈ ఒక్క వానాకాలం గడువిచ్చాడు, నీళ్లు రాకపోతే నేనే సంతకం పెట్టాలి. సరేనన్నాను. డెబ్బై దాటిన చేతులతో సుత్తీ ఉలీ పట్టుకుని రోజుకు జానెడు చొప్పున నేను వేయించిన సిమెంటును నేనే పగలగొట్టాను. నాలుగో రోజు అడ్డురేకు అవతలినుంచి దాదీమా మనవడు, నాకన్నా రెండేళ్లు చిన్న, "ఏంది అన్నా ఈ లొల్లి" అని అడిగాడు. చెప్పాను. మర్నాటినుంచి అటువైపు కూడా ఉలి చప్పుడు మొదలైంది. వానలకు ముందే రెండిళ్ల ఇనుప గొట్టాలూ తీయించి, పాతవాటిలా తిప్పే గొట్టాలు పెట్టించుకున్నాం.

తొలివానను గల్లీలోకి వదిలేశాం. వెలిశాక కమాను కింది అడ్డురేకు తీసి, మోకాళ్లు సహకరించకున్నా వంగి, మీ డాబా కడిగిందా అని అడిగాను.  దాదీమా మనవడు అటునుంచి తల వంచి "ధుల్‌గయా అన్నా, ఛోడ్‌దో" అన్నాడు.

అయిదు వానల తర్వాత చేద వదిలాను. పైకి వచ్చింది బురద. మావాడు తొంగిచూసి, "బురదనే గదా పెద్దబాపు" అన్నాడు. "నీళ్లు ముందుగాల గట్లనే వస్తయిరా, వచ్చే ఏడుకు గూడ గడువు రాసుకో" అన్నాను. వాడు నవ్వాడు, కారు మాత్రం ఇంకా గల్లీలోనే పెడుతున్నాడు.

మా ముత్తాతల కాలపు నీళ్లు నా జీవితకాలంలో తిరిగి వస్తాయని నేననుకోను. గల్లీ మారింది, కింద ఊటా మారింది, ఆ మార్పులో నా చెయ్యీ ఉంది. అయినా రోజూ పొద్దున చేద వదులుతున్నాను. ఇప్పుడది రాతికి తగలడం లేదు, మెత్తగా దిగుతోంది. ఆ చప్పుడు వినవలసిన మనిషి మాత్రం లేదు.