బేచిరాక్ అని రాసిన ఊరు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన నాలుగో నెలలో, అంటే 1954 జనవరిలో, నన్ను ఓటర్ల జాబితా తయారీకి సూపర్‌వైజరుగా వేశారు. అప్పటికి నేను రెవిన్యూ శాఖలో గుమాస్తాని. ఏ కచేరీయో రాయను. తప్పు చేసింది నేను, ఆ మచ్చ ఒక ఊరి పేరుకు అంటించడం న్యాయం కాదు. జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే దారికి అటూ ఇటూ ఉన్న పల్లెలు నా వంతుకు వచ్చాయని చెబితే చాలు. కాపురం మాత్రం ప్రొద్దుటూరులో ఉండేది. వారమంతా పల్లెల్లో తిరిగి ఆదివారం ఇల్లు చేరేవాణ్ణి.

జాబితా ఎలా తయారయ్యేదో ముందు చెప్పాలి. గణకుడు ఇంటింటికీ వెళ్లి, ఇరవై ఒక్కటి నిండినవాళ్ల పేర్లు రాసుకొస్తాడు. మామూలుగా ఆ పనికి బడిపంతుళ్లను వేసేవారు. ఒక గ్రామం, దాని శివారు పల్లెలు కలిస్తే జాబితాలో ఒక ‘భాగం’. గణకుడు రాసిన దాన్ని సూపర్‌వైజరు ప్రతి పల్లెలో కొన్ని ఇళ్లకైనా స్వయంగా వెళ్లి సరిచూసి సంతకం పెట్టాలి. ఆపైన ముసాయిదా జాబితాను చావడి గోడకు అంటిస్తారు. పేరు లేనివాళ్లు గడువులోగా క్లెయిము వేసుకోవాలి. గడువు దాటితే ఇక ఆ ఎన్నికకు వాళ్లు లేనట్టే.

నా సర్కిల్‌లో ఒక గణకుడు ఒక శివారు పల్లె ఎదుట ‘బేచిరాక్’ అని రాసి తెచ్చాడు. జనావాసం లేని ఊరికి రెవిన్యూ భాషలో వాడే పాత పారసీ మాట అది. పల్లె పేరు నల్లబండకొట్టాల. “ప్రతి ఇంటికీ బీగమే సార్. పొయ్యిలో పొగ లేదు, వీధిలో కుక్క కూడా లేదు” అన్నాడు. వెంట వచ్చిన తలారి కూడా ఎవరూ లేరనే చెప్పాడట. ఆ ప్రాంతంలో బండల గనులు మూతబడితే జనం లేచిపోవడం కొత్త కాదు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే కలిగింది. గులకరాళ్ల దారిలో నాలుగు మైళ్లు సైకిలు తొక్కే బాధ తప్పింది. సంతకం పెట్టేశాను.

ఎండలు ముదిరాక, ముసాయిదా చావళ్లకు ఎక్కిన వారంలో, ప్రొద్దుటూరులో విద్యార్థుల చర్చాసభ జరిగింది. ఆ సభలంటే నాకు ప్రాణం. దయ్యాల మీద, ముహూర్తాల మీద, సోదెల మీద అక్కడ నేను చెలరేగిపోయేవాణ్ణి. ఆ రోజు విషయం మన పల్లెల ఆచారాలు. టీచరు ట్రైనింగు చదువుతున్న ఓబులమ్మ అనే అమ్మాయి లేచి తమ ఊరి సంగతి చెప్పింది. మాఘ పున్నమి నాడు తెల్లవారకముందే ఊరంతా పొయ్యిలు ఆర్పి, ఇళ్లకు బీగాలు వేసి, గొడ్లనూ మేకలనూ కుక్కలనూ తోలుకొని రెండు మైళ్ల అవతల వంక ఒడ్డుకు వెళ్లిపోతారట. హిందువులూ తురకలూ అని లేదు, అందరూ వెళతారు. పొద్దుగూకేదాకా ఊళ్లో ఎవరూ ఉండకూడదు, నిప్పు రాజకూడదు. ఎప్పుడో మహమ్మారి వచ్చిన ఏడు పుట్టిన ఆచారమట అది.

నేను ఎగిరి లేచాను. “రోగం క్రిములతో వస్తుందా, పున్నమితో వస్తుందా? ఒక పూట ఊరు ఖాళీ చేస్తే మశూచి సిగ్గుపడి పోతుందా?” అని దంచడం మొదలుపెట్టాను. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ఆ ఊపులో, “ఇంతకీ ఏ ఊరమ్మా మీది?” అని అడిగాను.

“నల్లబండకొట్టాల సార్.”

నా వాక్యం సగంలో ఆగిపోయింది. గణకుడి డైరీలో ఆ పల్లె ఎదుట ఉన్న తేదీ గుర్తొచ్చింది. మా సర్కిల్‌లో బేచిరాక్ పల్లె అదొక్కటే కనుక మరిచిపోయే వీలు లేదు. పక్కింటి నుంచి పంచాంగం తెప్పించి చూశాను. మాఘ పున్నమి! పంచాంగం వల్ల నాకు నిజం తెలిసిన సందర్భం జీవితంలో అదొక్కటే.

సభ ముగియకుండానే ఓబులమ్మను పక్కకు పిలిచి జరిగింది చెప్పాను. చెబుతూనే, “చూశావా, మీ మూఢాచారం మీ ఓటును ఎలా తినేసిందో” అని కూడా అన్నాను. అనకుండా ఉండలేకపోయాను. ఆ అమ్మాయి కళ్లు తిప్పకుండా నన్నే చూసింది.

“మేము ఏడాదికొక పగలు ఊరు ఇడుస్తాం సార్. మాపటికి తిరిగొస్తాం. మీరు రాసిన కాయితం మమ్మల్ని తిరిగి రానిస్తుందా?”

అప్పటిదాకా ఆ వేదిక మీద నన్ను ఎవరూ అంత చిన్న మాటతో ఓడించలేదు.

మర్నాడే ఆమె కచేరీకి వచ్చింది. వెంట ఆ పల్లె పెద్ద, ఖాదరుసాబు. రెండో యుద్ధంలో బర్మా వైపు పనిచేసి హవల్దారుగా తిరిగొచ్చిన మనిషి. కాకీ చొక్కా రంగు పోయినా మడత పోలేదు. నన్ను నిలువునా చూసి, “నువ్వేనా అప్పా మమ్మల్ని చంపిండేది?” అన్నాడు. “జపానోడు మూడేండ్లు కాల్చినా నేను సావలేదు. నువ్వు కూచున్న కాడ్నే కలంతో ఏసేస్తివే!”

గుమాస్తాలంతా నవ్వారు. నేనూ నవ్వడానికి ప్రయత్నించాను. ఆయన మాత్రం నవ్వలేదు. “నా మిలిటరీ నంబరు యాడో దిల్లీలో రాసిపెట్టుండారు. నా ఊర్లో నా పేరు ల్యాకపోతే ఎట్ల? ఓటు మాకు కావల్ల, అంతే” అన్నాడు.

నిబంధనలు వివరించాను. ముసాయిదా వెలువడ్డాక పేర్లు చేర్చే అధికారం నాకు లేదు. ఎవరి క్లెయిము వాళ్లే వేయాలి, ఊరంతటికీ కలిపి ఒక అర్జీ చెల్లదు. ప్రతి క్లెయిము మీద, అదే భాగంలో ఇప్పటికే పేరున్న ఓటరు ఒకరు ధ్రువీకరణ సంతకం పెట్టాలి. ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. కొట్టాలలో ఒక్కరికీ పేరు లేదు. పేరున్నవాళ్లంతా అదే భాగంలోని పెద్దూరి జనం. కొట్టాల ఓట్లు చేరితే ఊరి మీద తన పట్టు జారిపోతుందని పెద్దూరి మునసబుకు బాగా తెలుసు. అప్పుడు మునసబంటే గ్రామంలో సర్కారే, తలారి ఆయన చెప్పుచేతల్లో మనిషే. ఎవరూ సంతకం పెట్టగూడదని ఆయన మాట అప్పటికే ఊరంతా పాకింది.

ఖాదరుసాబు అంతా విని, “అంటే పేరు ల్యానోనికి పేరు కావల్లంటే పేరుండేవోని కాళ్లు పట్టుకోవల్ల. బలే కానూను రాసినారు” అని లేచాడు. గడువు ఇంకా అయిదు రోజులు ఉంది.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నా రక్తం ఉరకలెత్తుతుంది. అచ్చు ఫారాలు కచేరీలో పదో పన్నెండో మిగిలాయి. నమూనా ప్రకారం చేత్తో రాసినా చెల్లుతుందని నిబంధనల్లో ఉంది. ఆ సంగతి ఓబులమ్మ చెవిన వేశాను. మూడోనాటి పొద్దున చర్చాసభ విద్యార్థులు ప్రొద్దుటూరు నుంచి సైకిళ్ల మీద కొట్టాలలో దిగారు. రాత్రికి రాత్రి వంతులేసుకొని ఫారాలు రాసి దస్తాలుగా కట్టి తెచ్చారు. అంతకుముందు సభల్లో వేదిక మీద ‘ప్రజాస్వామ్యం’ అని గొంతులు చించుకున్నవాళ్లు, ఇప్పుడు నల్లబండల మీద బాసింపట్లు వేసుకొని, “అవ్వా, నీ వయసెంత?” అని అడుగుతున్నారు. నేను సెలవు పెట్టి వెళ్లాను. ఫారం నింపడానికి కాదు, అది నాకు తగదు. తప్పుగా నింపితే చెప్పడానికి.

అక్కడ పొగ చిమ్ముతున్న పొయ్యిలను చూశాను. ఉతికి ఆరేసిన బట్టలను, గోడకు చరిచిన పిడకలను, అరుగు మీద బిడ్డకు తల దువ్వుతున్న తల్లిని చూశాను. నా సంతకం ప్రకారం అక్కడ ఇవేవీ లేవు.

ఒక ముసలమ్మ వేలిముద్ర వేయనని మొండికేసింది. “పేరు రాపిస్తే పన్నేస్తారంట గదమ్మే?” అంది.

“రాపీకపోయినా ఏస్తానే ఉండారు గదవ్వా” అంది ఓబులమ్మ. “పన్ను ఎట్లా తప్పదు, ఓటన్నా దక్కించుకో.”

ముసలమ్మ బొటనవేలు చాపింది.

ఇక ధ్రువీకరణ సంతకం. పెద్దూళ్లో సుబ్బారెడ్డి అని ఒకడున్నాడు. మునసబుకు అన్నకొడుకు. యుద్ధంలో మిలిటరీ లారీ నడిపాడు, ఖాదరుసాబు దళంలోనే. సాబు అతని ఇంటికి వెళ్లినప్పుడు ఓబులమ్మ పక్కనే ఉంది. ఆ మాటలు ఆమె చెప్పగా విన్నవి.

“ఏమప్పా సుబ్బారెడ్డీ, ఇంఫాలు కాడ బురదలో నీ లారీ దిగబడితే ఎవురు నూకిరి?”

“నువ్వే నూకితివి మామా.”

“ఈ పొద్దు నా లారీ దిగబడింది. నూకుతావా, మీ చిన్నాయన మొగం సూస్తావా?”

భార్య లోపలి నుంచి, “కాపురం చేసే ఊర్లో పేచీ యాల?” అందట. సుబ్బారెడ్డి కండువా భుజాన వేసుకొని, “యాడ పెట్టల్లో చూపీ పా” అన్నాడట.

ఆ రోజంతా అతను బండ మీద కూర్చుని సంతకాలు పెడుతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి వేళ్లు బిగుసుకుపోయాయి. “బర్మాలో స్టీరింగు గూడా ఇంత నొప్పి పెట్టలేదు మామా” అంటే, “సంతకం చిన్నగా పెట్టరా, నీకేమన్నా జమీందారీ రాసిస్తాండామా?” అన్నాడు సాబు. అంతలో మునసబే వచ్చి నిలబడ్డాడు. పిల్లల కలాలు ఆగిపోయాయి.

“ఏంరా, ఇంటోని మీదే చెయ్యెత్తుతాండావా?”

“ఎత్తలేదు చిన్నాయనా” అన్నాడు సుబ్బారెడ్డి, తల ఎత్తకుండానే. “రాస్తాండా.”

గడువు చివరి రోజు సాయంత్రం కచేరీ మూసేలోగా క్లెయిముల కట్ట లోపలికి చేరింది. ప్రతి ఫారానికీ రసీదు కావాలని ఓబులమ్మ పట్టుబట్టింది. గుమాస్తా విసుక్కుంటూనే అన్నీ రాసిచ్చాడు.

విచారణ ఆ పక్క వారం. ఓటర్ల రిజిస్ట్రేషను అధికారి మాట తక్కువ మనిషి. మునసబు లిఖితపూర్వకంగా అభ్యంతరం వేశాడు. వీళ్లు గని పనికి వచ్చిపోయేవాళ్లు, స్థిరనివాసులు కారు, సర్కారు రికార్డే ఆ పల్లెను బేచిరాక్ అంటున్నది, దాని మీద సూపర్‌వైజరు సంతకం కూడా ఉన్నది అని. పకడ్బందీ వాదన. దాని బలమంతా నా సంతకమే.

అధికారి నా వైపు తిరిగి, పల్లెను స్వయంగా సరిచూశారా అని అడిగారు. చూశానంటే ఉద్యోగానికి ఢోకా లేదు, కొట్టాల మాత్రం పోతుంది. వెనక బెంచీలో ఓబులమ్మ, సాబు, సుబ్బారెడ్డి కూర్చున్నారు. వాళ్లను చూసి ధైర్యం తెచ్చుకున్నానని రాస్తే అది అబద్ధం. ఉద్యోగం పోతుందనే భయపడ్డాను. నోరు మాత్రం నిజం చెప్పింది. “లేదండి. వెళ్లకుండానే సంతకం చేశాను.” గణకుడు వెళ్లిన తేదీ, ఆనాటి తిథి, ఆ ఊరి ఆచారం మూడూ వరుసగా చెప్పి, రాతపూర్వకంగానూ ఇచ్చాను.

ఆయన కలం మూసి, జీపు తీయమన్నారు. చెప్పాపెట్టకుండా అప్పటికప్పుడే కొట్టాలకు వెళ్లాం. వంటల వేళ. దారి మలుపు తిరగగానే పల్లె మీద పొగ కనిపించింది. అధికారి దిగి, వరుసగా కొన్ని ఇళ్లలోకి తొంగిచూసి, ఒక గోడకు ఆనించిన పాత తిరగలి మీద చెయ్యి వేసి, “ఇది ఎన్నాళ్లదమ్మా?” అని అడిగారు. “మా అత్త కాపురానికొచ్చినప్పటిది” అంది ఆ ఇల్లాలు. ఆయన తిరిగి జీపు దగ్గరికి నడిచారు. క్లెయిములన్నీ అనుమతిస్తూ ఆ జీపు బానెట్టు మీదే ఉత్తర్వు రాశారు. ఖాదరుసాబు అటెన్షనులో నిలబడి సెల్యూటు కొట్టాడు. పిల్లలు సైకిలు గంటలన్నీ ఒక్కసారి మోగించారు. నేనూ ఉద్యోగిననే మాట మరిచి చప్పట్లు కొట్టాను.

నాకు మెమో వచ్చింది. మందలింపు నా సర్వీసు రిజిస్టరులో ఎక్కింది, పదవీ విరమణ దాకా ఉంది. అది న్యాయమే. సుబ్బారెడ్డితో మునసబు ఇంటివాళ్లు చాలాకాలం మాట్లాడలేదు. ఓబులమ్మ పంతులమ్మ అయింది. మాఘ పున్నమికి కొట్టాల ఊరు విడవడం మాత్రం మానలేదు. అది వట్టి భ్రమ అని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ ఆ భ్రమ వల్ల ఒక్కరికీ హక్కు పోలేదు. హక్కు తీసింది నా నమ్మకం. కళ్లతో చూడకుండా, ఎదురు ప్రశ్న వేయకుండా నమ్మడాన్నే కదా నేను సభల్లో మూఢత్వం అని తిట్టింది? నాది కాగితం మీది మూఢత్వం.

తర్వాత ఇన్‌స్పెక్టరునై, ఎందరో గణకులకు తరఫీదు ఇచ్చాను. అందరికీ మొదట చెప్పింది ఒకటే. బీగం చూస్తే బీగం ఉందని రాయండి, మళ్లీ వేరే రోజు వెళ్లండి. మనుషులు లేరని రాయకండి. అది మీరు చూసింది కాదు, అనుకున్నది.