చెవిటిదాని తీగ

మొన్న మా తమ్ముడి కూతురు ఇంటికొచ్చి, ప్రహరీ మీద పాకిన ఒక తీగకు ఫోను చూపించింది. బీఎస్సీ రెండో ఏడు చదువుతోంది, మొక్కల మీద ఏదో ప్రాజెక్టట. ఫోను ఒక్క క్షణం ఆలోచించి లాటిన్‌లో పేరు చెప్పేసింది. “మా కాలంలో దాన్ని చెవిటిదాని తీగ అనేవాళ్లం,” అన్నాను. ఆ పిల్ల ఫోనులోంచి తలెత్తకుండానే, “పెదనాయనా, మళ్లా మొదలుపెట్టినావా?” అంది. తప్పు దానిది కాదు. మా ఇంటి కోడిపుంజు ప్రతి వారం బస్సెక్కి ఆత్మకూరు సంతకు పోయి వచ్చేదనీ, కండక్టరు దానికి అర టికెట్టు కొట్టేవాడనీ దానికి చిన్నప్పుడు చెప్పింది నేనే. ఇలాంటివి వెయ్యి చెప్పినవాడు వెయ్యిన్నొకటోది నిజం చెప్పినా లాభం లేదు. ఈ సంగతి నాకు ఆత్మకూరులో డిగ్రీ చదివేటప్పుడే తెలిసింది.

అది తొంభైలలో మాట. ఆఖరి సంవత్సరంలో బోటనీ లెక్చరరు ఒక ప్రాజెక్టు ఇచ్చాడు. ఇద్దరేసి కలిసి ఒక కొండనో వాగునో ఎంచుకుని, అక్కడి మొక్కలు ముప్పై తెచ్చి, ఎండబెట్టి, అట్టల మీద అంటించి, కింద లాటిన్ పేరూ ఊరి జనం పిలిచే పేరూ రాయాలి. ముప్పైలో ఒక్కటి తగ్గినా ప్రాక్టికల్ మార్కులు లేవు. “పెన్సిలుతోనే రాయండి, ఇంకు నిలబడదు,” అని మరీ మరీ చెప్పాడు. క్లాసులో అందరూ జతలు కట్టేశారు. మర్రిపాడు రోడ్డు మీద లారీ కింద పడిన ఉడుము లేచి, ఒళ్లు దులుపుకుని, డ్రైవరును తిట్టిపోయిందని నేను చెప్పిన కథకు పడీ పడీ నవ్విన వాళ్లే, “వీడితో ప్రాజెక్టు చేస్తే మన మార్కులు కూడా ఉడుముతో పోతాయిరా,” అన్నారు. నవ్వడానికి నేను కావాలి, పక్కన కూర్చోవడానికి వద్దు. బేసి సంఖ్య క్లాసులో మిగిలిన ఆ ఒక్కణ్ణీ నేనే.

పంతానికి ఉదయగిరి కొండ ఎంచుకున్నాను. ఆదివారం ఆదివారం పొద్దున బస్సెక్కడం, పాత గోడల కింద ఎండలో తిరగడం, చేతికందింది కోయడం, సాయంత్రం గదికొచ్చి దినపత్రికల మధ్య పెట్టి పరుపు కింద నొక్కడం. మొక్కలను నొక్కే చెక్క పలకలు కాలేజీలో రెండే ఉండేవి, అవి నా దాకా రాలేదు. నా బరువే పలక. ఆ ఏడాది నేను పడుకున్న చోట తంగేడు, బలుసు, వావిలి అన్నీ ఉన్నాయి. పొద్దున లేస్తే వీపు మీద ఆకుల ఈనెలు అచ్చుపడి ఉండేవి. ఇది కోత కాదు. పోనీ, సగం కోత.

లాటిన్ పేర్లు లైబ్రరీలో దొరికాయి. ఊరి పేర్లు ఎవరు చెప్పాలి? మూడో ఆదివారం కొండ మలుపులో మేకలు కాస్తూ ఒక అవ్వ కనబడింది. పదకొండు మేకలు, ఒక దోటి, నీళ్లకు ఒక సొరకాయ బుర్ర. నా చేతిలోని రెమ్మ చూసి, “దాన్ని తింటావా ఏంది అబ్బయా?” అంది. కాదు, పేరు కావాలన్నాను. “పేరేనా? కూర్చో,” అంది. ఒక రోజుకు రెండు మూడు పేర్లకు మించి చెప్పేది కాదు. “ఇయ్యాల్టికి చాలు. మిగతావి పై ఆదివారం. అన్నీ ఒక్కసారే చెప్తే నీ బుర్రలో ఉంటాయా?” అనేది. నేనూ సరేననేవాణ్ణి. ఆదివారం నాతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఆమెతో మాట్లాడేది నేనొక్కణ్ణేనేమో అని నాకు అప్పుడు తట్టలేదు. “మేకలతో మాట్లాడి మాట్లాడి మనుషుల మాట మర్చిపోతా ఉండాను,” అని ఒకసారి నవ్వింది. ఉడుము కథ చెబితే మాత్రం నవ్వలేదు. “పాపం, దానికి దెబ్బ తగిలిందా?” అని అడిగింది.

తెలిసిన మొక్కలు అయిపోయాక ఆమె చెప్పే పేర్లు మారాయి. కుంటిదాని కూర, పెంకిదాని ముల్లు. ఒక రోజు తెల్లటి చిన్న పూల తీగ చూపిస్తే, “చెవిటిదాని తీగ,” అంది. ఎందుకని అడిగితే దూరంగా ఉన్న ఒక బూడిద రంగు మేకను చూపించింది. “దానికి వినపడదబ్బయా. పిలిస్తే రాదు. ఇది చూపిస్తేనే వస్తాది.” తీగ పైకెత్తింది. మేక వచ్చింది. ఏ ఆకు ఏ మేకకు ఇష్టమో ఆ మేక పేరే ఆ ఆకుకు. అలాంటివి పదకొండు. అన్నీ రాసుకున్నాను, పెన్సిలుతో. ముప్పై పూర్తయిన రోజు ఆమె, “అప్పుడే అయిపోయినాయా? ఇంకొకటి ఉండాది, పండగ పోయినాక పూస్తాది,” అంది. వస్తానన్నాను. అట్టలన్నీ తెచ్చి చూపిస్తానన్నాను.

ప్రాక్టికల్స్ రోజు లెక్చరరు నా అట్టలు తిప్పుతూ ఆగాడు. “ఏందయ్యా ఇది, చెవిటిదాని తీగ? ఎవరు చెప్పినారు?”

“ఉదయగిరిలో ఒక అవ్వ చెప్పింది సార్. మేకలు కాస్తాది.”

“ఆ అవ్వ పేరేంది?”

నాకు తెలియదు. ముప్పై మొక్కల పేర్లు అడిగినవాణ్ణి, ఆమె పేరు అడగలేదు. వెనక నుంచి ఎవడో, “ఉడుముకు చెల్లెలంట సార్!” అన్నాడు. గది గదంతా నవ్వింది. లెక్చరరు కూడా నవ్వి, తర్వాత మెల్లగా అన్నాడు: “నేనే కల్పించినానని ఒప్పుకో. పేరు తెలియదని రాసుకుని మార్కులేస్తా. లేదా ఆమెను తీసుకురా. అదీ కాదంటే మళ్లీ ఏడాది రా.”

ఉదయగిరి బస్సు గంటలో ఉంది. మళ్లీ ఏడాది అంటే నాయన ముఖం కళ్ల ముందు కదిలింది. “కల్పించినాను సార్,” అన్నాను. ఎర్ర ఇంకుతో పదకొండు పేర్లూ కొట్టేశాడు. బుద్ధెరిగినాక నేనాడిన అబద్ధాలన్నిటిలో అందరూ మారుమాట లేకుండా నమ్మింది అదొక్కటే.

పరీక్షలయ్యాక బస్సులో వరికుంటపాడు వైపు వెళ్తూ ఆ మలుపు దాటాను. ఆమె రాయి మీద రోడ్డుకేసి కూర్చుని ఉంది. చేతిలో పూసిన రెమ్మ ఉందని రాస్తే కథ బాగుంటుంది. నాకు కనపడలేదు. ఎందుకంటే ఆమెను చూడగానే నేను సీట్లో కిందికి వంగి చెప్పులు సర్దుకుంటున్నాను.

మా తమ్ముడి కూతురికి ఇదంతా చెప్పి, ఆ తీగ అట్ట తీసి చూపించాను. పూలు టీపొడి రంగుకు తిరిగాయి. ఫోను వాటిని గుర్తుపట్టలేదు. ఎర్ర గీతను వెలుతురుకు పెట్టి వెతకాల్సి వచ్చింది, వెలిసి కాగితంలో కలిసిపోయింది. కింద పెన్సిలు అక్షరాలు నిన్న రాసినట్టున్నాయి. “ఆ అవ్వ పేరేంది పెదనాయనా?” అంది. ఈసారి ఫోనులోంచి తలెత్తింది. కాలం ఇంత నెమ్మదిగానైనా దిద్దుతుందని తెలిసుంటే, ఆ రోజు ఆ గదిలో ఇంకాసేపు నోరు మూసుకుని నిలబడేవాణ్ణి.