పుర్రెకి జీడి నూనె

ఎనిమిది నెలలుగా రాతిలోంచి సూదితో గీరి గీరి బయటకు తీస్తున్న జంతువు పుర్రె ఈ రోజు పాడైపోయింది. మా నుయ్యి తవ్వినప్పుడు దొరికిన రాయి అది. ఏ జంతువో దాని పళ్ల మీది గీతలే చెప్పాలి. సోమవారం టెక్కలిలో ఒక లెక్చరర్‌కి చూపిద్దామనుకున్నాను.

సాయంత్రం పలాస నుంచి వచ్చేసరికి అది అరుగు మీద నల్లగా మెరుస్తూ ఆరుతోంది. మా అయ్య దానికి జీడితొక్కల నూనె పట్టించాడు. గీతలన్నీ పూడిపోయాయి.

"ఏటి సేసినావయ్యా ఇది?" అని అరిచాను.

"తెప్పకి రాసినట్టే రాసినాన్రా. పొడి రాలిపోతందని నువ్వే కదా బెంగెట్టుకున్నావు. ఇంక సముద్రంలో పడేసినా ఏటీ అవదు."

"నా వస్తువు ముట్టుకోడానికి నువ్వెవడివి?" అనేశాను.

అయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పట్టి లాగి చూస్తే వేళ్ల నిండా ఆ నూనె కాల్చిన బొబ్బలు. కుంచె తగిలితే పళ్లు ఊడతాయని ఉత్త వేళ్లతోనే రాశాడని అమ్మ చెప్పింది.

ఊరంతా తిరిగి సైన్సు కరపత్రాలు పంచినవాణ్ని. ఆ పళ్లు నాకెందుకు కావాలో అయ్యకి మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

ఆ నూనె వదిలించే దారి ఎవరికైనా తెలిస్తే రాయండి. బొబ్బలకి మందు తెలిసినవాళ్లు ముందు రాయండి.